ఇంటిపేరు వెంట వెళితే అమ్మలు దొరకరు

1693లో మసాచుసెట్స్ కోర్టు ఎలిజబెత్ జాన్సన్ అనే అమ్మాయిని మంత్రగత్తె అని తేల్చి మరణశిక్ష వేసింది. అంతకు ముందు ఏడాది సేలంలో మొదలైన ఆ పిచ్చిలో అప్పటికే 19 మందిని ఉరి తీశారు. అందులో 14 మంది ఆడవాళ్ళే. అదృష్టవశాత్తూ గవర్నర్ ఫిప్స్ అడ్డుపడడంతో ఎలిజబెత్ ఉరి తప్పించుకుంది. కానీ కాగితం మీద నేరం మాత్రం అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్ళు? 2022 జూలై దాకా. అంటే 329 ఏళ్ళు ఆమె చట్టం దృష్టిలో మంత్రగత్తెగానే మిగిలింది.

ఎందుకిలా జరిగిందో తెలుసుకుంటే మనకు నవ్వాలో ఏడవాలో అర్థం కాదు. 1711లో చాలామంది పేర్ల మీది మచ్చను చట్టం చేసి తుడిచేశారు. మిగిలినవాళ్ళలో ఒకరికి 1957లో, అయిదుగురికి 2001లో పేరు పెట్టి మరీ విముక్తి ఇచ్చారు. ఎప్పుడు చూసినా ఎవరో ఒక మనవడో, మనవరాలో, మునిమనవరాలి మనవరాలో 'మా వంశం మీద మచ్చ' అని అడిగారు కాబట్టి ఇచ్చారు. ఎలిజబెత్ పెళ్ళి చేసుకోలేదు. పిల్లల్ని కనలేదు. కాబట్టి అడిగేవాళ్ళు లేరు! చివరికి నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ళ టీచరూ కలిసి పట్టు పడితే రాష్ట్ర శాసనసభ కళ్ళు తెరిచింది. ఆ పిల్లలకి ఆమెతో ఏ రక్త సంబంధమూ లేదు.

వంశవృక్షాల గురించి ఎవరైనా నా దగ్గర గొప్పలు పోతే నేను ముందు ఈ కథ చెబుతాను.

బోస్టన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఈ పూర్వీకుల వెతుకులాట ఎంత పెద్ద వ్యవహారమో తెలుసు. వంశచరిత్రల కోసమే 1845లో పెట్టిన సంస్థ ఈ ఊళ్ళో ఇప్పటికీ నడుస్తోంది. మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్ళ వారసుల సంఘం 1897 నుంచీ ఉంది. 1620లో ఆ ఓడ మీద వచ్చిన 102 మందిలో పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళు 18 మంది. మరుసటి ఏడాది పంట చేతికొచ్చి, ఇప్పుడు థాంక్స్‌గివింగ్ అని చెప్పుకుంటున్న విందు జరిగేనాటికి బతికున్నవాళ్ళు నలుగురే. ఆ విందుకి వాంపనోగ్ మగవాళ్ళే 90 మంది దాకా వచ్చారు. వంట ఎవరు చేశారని ఏ వంశవృక్షమూ చెప్పదు. (వచ్చిన అతిథుల లెక్క మాత్రం శ్రద్ధగా రాసిపెట్టారు.)

ఇరుగుపొరుగువాళ్ళతో మాట్లాడుతుంటే తరచూ వినబడే పేరు ఆన్ హచిన్సన్. "మేం ఆవిడ సంతతి" అని చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులో పొంగే గర్వం చూడాలి. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, బుష్ తండ్రీ కొడుకులు, అందరూ ఆవిడ వంశమే. పదిహేను మందిని కన్న తల్లి కదా, వంశం విస్తరించక ఏం చేస్తుంది! ఇంతకీ ఆవిడ చేసిందేమిటి? 1634లో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. మంత్రసాని. పురుళ్ళు పోయడానికి వెళ్ళిన చోట ఆడవాళ్ళతో మాట్లాడింది. తర్వాత తన ఇంట్లోనే వాళ్ళని కూర్చోబెట్టుకుని పాదరీల ప్రసంగాల మీద చర్చ పెట్టింది. మొదట ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. ఆడది మగవాళ్ళకి మతం బోధించడమా? 1637 నవంబర్లో, ఆవిడ గర్భవతిగా ఉండగా, గవర్నర్ జాన్ విన్‌త్రాప్ ముందు నిలబెట్టి విచారించి వెళ్ళగొట్టారు. తర్వాత ఆమె గర్భం సరిగా నిలవక పోతే, అది దేవుడు వేసిన శిక్ష అని విన్‌త్రాప్ రాసిపెట్టుకున్నాడు. ఆమె స్నేహితురాలు మేరీ డయ్యర్‌కి పుట్టిన మృతశిశువును గోతిలోంచి తవ్వించి మరీ చూశారు. ఆ మేరీ డయ్యర్‌నే, క్వేకర్ అయినందుకు, 1660 జూన్ 1న బోస్టన్‌లో ఉరి తీశారు.

1643లో హచిన్సన్ ఇప్పటి న్యూయార్క్ ప్రాంతంలో తన పిల్లలతో సహా చనిపోయింది. డచ్చి వాళ్ళకీ స్థానిక తెగలకీ జరుగుతున్న యుద్ధంలో సివనాయ్‌లు ఆ ఇంటి మీద పడ్డారు. 1922లో ఆమె విగ్రహం చేయించారు, ఇప్పుడది రాష్ట్ర భవనం ముందు ఉంది. బహిష్కరణ రద్దు చేయడానికి 1987 దాకా ఆగాల్సి వచ్చింది. సరే, ఆవిడ మహా స్త్రీ, నాకు సందేహం లేదు. నా పేచీ ఎక్కడంటే, ఆమెను వెళ్ళగొట్టిన విన్‌త్రాప్‌కీ బోలెడంత సంతతి ఉంది. మూడు వందల ఏళ్ళలో ఈ వంశాలు ఎన్నిసార్లు కలిసిపోయి ఉంటాయో లెక్క కట్టలేం. అయినా ఎవరూ "మేం ఆమెను వెళ్ళగొట్టినవాళ్ళ సంతతి" అని నాతో చెప్పలేదు. విచారణలో మౌనంగా కూర్చున్న వాళ్ళ సంతతి ఏమైపోయినట్టు? పూర్వీకుల్లో మనకి నచ్చినవాళ్ళని ఏరుకోవడం చరిత్ర కాదు, నగల దుకాణంలో బేరం.

ఇంకో సంగతి. హచిన్సన్ మాటలు మనకెలా తెలుసు? ఆమె రాసినవి మిగల్లేదు. ఆమె మీద విచారణ జరిపినవాళ్ళు రాసుకున్న కాగితాలలోంచి తెలుసు. ఆనాటి అమెరికాలో ఆడదాని పేరు రికార్డులోకి ఎక్కాలంటే దారులు తక్కువ. నిందితురాలైనా కావాలి, విధవైనా కావాలి, ఎవరి ఆస్తి జాబితాలోనైనా ఉండాలి. ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి విడిగా ఉనికి లేదు, భర్త నీడలో కలిసిపోయింది. తన పేరున ఆస్తి లేదు, ఒప్పందం లేదు, వీలునామా రాయాలన్నా అతను ఒప్పుకోవాలి. 1790లో మొదటి జనాభా లెక్కలు తీసినప్పుడు ఇంటి యజమాని పేరొక్కటే రాశారు. మిగతావాళ్ళు అంకెలు. ఇంట్లో స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో గానీ మొదలు కాలేదు. ఆ 1850, 1860 లెక్కల్లో కూడా బానిసలకి వేరే పట్టీలు పెట్టి, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు, అంతే రాశారు. నల్లవాళ్ళ పేర్లు దేశమంతటా కనబడేది 1870లో. వంశం వెతికే నల్ల స్త్రీలు ఆ ఏడాదిని గోడ అంటారు.

ఆ గోడ ఎవరు కట్టారో కూడా చూడాలి. 1656లో వర్జీనియాలో ఎలిజబెత్ కీ అనే స్త్రీ కోర్టుకెళ్ళి స్వేచ్ఛ గెలుచుకుంది. తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి బానిసగా తెచ్చిన ఆఫ్రికన్. ఇంగ్లీషు చట్టంలో బిడ్డకి తండ్రి హోదా వస్తుంది కాబట్టి ఆమె వాదన నిలబడింది. 1662 వచ్చేసరికి వర్జీనియా శాసనసభ చట్టమే తిప్పేసింది. ఇకనుంచి బిడ్డ హోదా తల్లిదే! ఎప్పుడూ తండ్రిని బట్టే నడిచే లోకం, బానిస స్త్రీ విషయంలో మాత్రం హఠాత్తుగా మాతృస్వామ్యంలోకి మారిపోయింది. యజమాని తన బానిస మీద అత్యాచారం చేసి కన్న బిడ్డ కూడా అతని ఆస్తిలోకే జమ అయ్యే ఏర్పాటు ఇది. మన దగ్గర జోగినుల పిల్లలని బడిలో తండ్రి పేరు అడిగే పెద్దమనుషులకి ఈ చట్టం చూపించాలి. తండ్రి పేరు కావలసినప్పుడు కావాలి, అక్కర్లేనప్పుడు అక్కర్లేదు. ఎప్పుడు ఏది కావాలో నిర్ణయించేది మాత్రం ఒకళ్ళే.

ఈ చట్టం నీడలోనే పుట్టింది శాలీ హెమింగ్స్. థామస్ జెఫర్సన్ భార్య మార్తాకీ ఆమెకీ తండ్రి ఒక్కడే. అంటే బానిసగా ఆ ఇంట్లో ఉన్నది సొంత చెల్లెలు. పద్నాలుగేళ్ళ వయసులో, 1787లో, జెఫర్సన్ కూతురికి తోడుగా ఆమెని పారిస్ పంపారు. అక్కడి చట్టం ప్రకారం ఆమె స్వేచ్ఛ కోరవచ్చు. తనకి పుట్టబోయే పిల్లల్ని విడుదల చేస్తానని మాట తీసుకున్నాకే తిరిగి వర్జీనియా వచ్చిందని ఆమె కొడుకు మాడిసన్ 1873లో ఒక పత్రికకు చెప్పాడు. ఆ మాట ఎవరు నమ్మారు? నూరేళ్ళకు పైగా జెఫర్సన్ చరిత్రకారులు దాన్ని కొట్టిపారేశారు. అనెట్ గోర్డన్-రీడ్ 1997లో పుస్తకం రాసి, ఎవరి సాక్ష్యాన్ని ఎందుకు నమ్మారో, ఎవరి సాక్ష్యాన్ని ఎందుకు నమ్మలేదో వరసగా విప్పి చూపించింది. అప్పటికీ చాలామందికి చాల్లేదు. 1998లో డిఎన్‌ఎ పరీక్ష వచ్చింది, అప్పుడు నోళ్ళు మూతపడ్డాయి.

ఆ పరీక్ష ఎలా జరిగిందో మనం ఆగి చూడాలి. అది వై క్రోమోజోమ్ పరీక్ష. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి అతని కొడుక్కి మాత్రమే అందేది. జెఫర్సన్‌కి పెళ్ళి సంబంధంలో బతికి బట్టకట్టిన కొడుకు లేడు కనుక, అతని పెదతండ్రి కొడుకుల కొడుకుల నుంచి ఒక వైపు, శాలీ కొడుకు ఎస్టన్ మగ సంతతి నుంచి ఇంకో వైపు రక్తం తీసుకున్నారు. అంటే ఒక స్త్రీ జీవితంలో ఏం జరిగిందో నమ్మడానికి కూడా మగవాడి నుంచి మగవాడికి తెగకుండా సాగిన గీత ఒకటి కావలసి వచ్చింది! ఎస్టన్‌కి కూతుళ్ళే పుట్టి ఉంటే శాలీ ఇవాళ్టికీ అబద్ధాలకోరే. ఆమె కూతురు హారియట్ 1822లో ఇల్లు విడిచి వెళ్ళి, తెల్లవాళ్ళలో కలిసిపోయి, ఒక తెల్లవాణ్ణి పెళ్ళాడింది. ఆమె సంతతి ఎవరో ఎవరికీ తెలియదు. వాళ్ళకే తెలియకపోవచ్చు.

ఇంత రుజువయ్యాక కూడా 2002లో జెఫర్సన్ సంతతి సంఘం వాళ్ళు ఓటు వేసి మరీ హెమింగ్స్ సంతతిని తమ కుటుంబ శ్మశానంలోకి రానివ్వలేదు. శ్మశానంలో కూడా వేరే గేటు అన్నమాట. ఇది చదువుతుంటే నాకు పరాయి దేశం సంగతిలా అనిపించలేదు. మన ఊళ్ళలో శ్మశానాలు ఎన్ని ఉంటాయో, ఏది ఎవరిదో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పోకహాంటస్ సంగతి ఇంకా విచిత్రం. ఆమె సంతతి అని చెప్పుకోవడం వర్జీనియా పెద్ద కుటుంబాలకి మహా గొప్ప. అధ్యక్షుడు విల్సన్ రెండో భార్య ఎడిత్ కూడా ఆ వంశమే. 1924లో ఆ రాష్ట్రం జాతి శుద్ధి చట్టం చేసింది. ఒంట్లో మరో జాతి రక్తం చుక్క ఉన్నా తెల్లవాడు కాదు, తెల్లవాళ్ళని పెళ్ళాడకూడదు. అయితే ఈ కొలతతో చూస్తే ఆ పెద్ద కుటుంబాలే నల్ల జాబితాలోకి పోతాయి! అందుకని పదహారో వంతుకు మించకుండా ఇండియన్ రక్తం ఉంటే ఫరవాలేదని మినహాయింపు పెట్టుకున్నారు. అదే చట్టం చేత్తో పట్టుకుని, ఇంకా వర్జీనియాలోనే బతుకుతున్న ఇండియన్ తెగల వాళ్ళ పుట్టుక పత్రాల్లో మాత్రం 'కలర్డ్' అని రాయించారు. పోకహాంటస్ ముత్తాతమ్మగా కావాలి, పక్క ఊళ్ళో ఉన్న ఆమె జనం మాత్రం అక్కర్లేదు. పెళ్ళిళ్ళ నిషేధం 1967లో లవింగ్ కేసు తీర్పుతో పోయింది. రికార్డులు చెరిపేయడం వల్ల ఆ తెగలు తామున్నామని కేంద్రానికి రుజువు చేసుకోవడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది. పమంకీలకి గుర్తింపు 2016లో అమల్లోకి వచ్చింది, మరో ఆరు తెగలకి 2018లో వచ్చింది.

ఇందులో నన్ను బాగా కుదిపింది వేరే విషయం. ఆమె జనంలో పెత్తనం తల్లి వైపు నుంచి వచ్చేది. పౌహాటన్ తర్వాత అతని తమ్ముళ్ళకి, తర్వాత అక్కచెల్లెళ్ళకి, ఆ తర్వాత వాళ్ళ పిల్లలకి. కొడుకులకీ కూతుళ్ళకీ కాదు. కాబట్టి ఇంగ్లీషువాళ్ళు 'రాకుమారి' అని పిలిచి, ఇంగ్లండ్ తీసుకెళ్ళి ప్రదర్శించిన ఆ అమ్మాయి, తన జనం లెక్కలో దేనికీ వారసురాలు కాదు. తల్లి ఎవరన్నదే అక్కడ ముఖ్యం. ఇక ఆ తల్లి పేరు? రాసుకున్న ఇంగ్లీషువాళ్ళలో ఒక్కడూ అడగలేదు.

ఇదంతా చదువుతూ ఉన్న రోజుల్లోనే మా వంశవృక్షం పుస్తకం నా చేతికొచ్చింది. మా వాళ్ళు పదేళ్ళు కష్టపడి వేశారు. గోత్రంతో మొదలై పదకొండు తరాలు. మగపిల్లలు గళ్ళల్లో ఉన్నారు, గళ్ళలోంచి గీతలు, గీతల చివర మళ్ళీ గళ్ళు. ఆడపిల్లల పేర్లు మొదటి ఏడు తరాల్లో లేనే లేవు. తర్వాత 'కుమార్తెలు: ఇద్దరు', 'కుమార్తెలు: నలుగురు' అని ఉంది. మూడు పేజీలు తిప్పాక 'కు.' అని మిగిలింది. 1790 అమెరికా జనాభా లెక్కకీ దీనికీ తేడా ఏమిటో మీరే చెప్పండి. భార్యలు ఎక్కడినుంచి వచ్చారో ఊరి పేరు ఉంది, మనిషి పేరు లేదు. పెళ్ళితో నా గోత్రం మారిపోయింది కనుక నా పిల్లలు ఈ పుస్తకంలో ఉండరు. మా వారి వంశం వాళ్ళు వేసిన పుస్తకంలో ఉంటారు. అక్కడ వాళ్ళ తల్లిగా నేనొక ఊరి పేరుని.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. "అమ్మా, నీకు అమ్మ, ఆవిడకి అమ్మ, ఆవిడకి అమ్మ... ఎంతదాకా చెప్పగలవు?" అని అడిగింది ఒకసారి. మా అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్ళమ్మ. ఆ మూడో మనిషి అసలు పేరు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. కాపరానికి వచ్చాక ఆ ఇంట్లో అదే పేరుతో పెద్దావిడ ఉందని పేరు మార్చారట. మార్చిన పేరు కూడా ఎవరూ పిలవలేదు, అందరికీ చిన్నక్కే. అంతే, మూడు మెట్లు. పదకొండు తరాల పుస్తకం అల్మారాలో ఉన్న ఇంట్లో ఆడవాళ్ళ లెక్క మూడు మెట్లకి ఆగిపోయింది.

అమెరికాలో ఆడవాళ్ళే నడిపే వంశ సంఘం ఉంది కదా, అది మనకి నమూనా అవుతుందా అని కొందరు మిత్రులు అడుగుతారు. 'డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్' 1890లో పుట్టింది. స్వాతంత్ర్య యుద్ధ వీరుల కొడుకుల సంఘంలోకి కూతుళ్ళని రానివ్వలేదు, అందుకని ఆ కూతుళ్ళు తమ సంఘం తాము పెట్టుకున్నారు. ఇంతవరకూ బాగుంది. 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ పాడడానికి హాలు అడిగితే అదే కూతుళ్ళ సంఘం కుదరదంది. ఎలినార్ రూజ్‌వెల్ట్ రాజీనామా చేసి బయటికొచ్చింది. ఆండర్సన్ ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద 75,000 మంది ముందు పాడింది. ఆ సంఘం మొదటి నల్ల సభ్యురాలిని చేర్చుకున్నది 1977లో. తండ్రి ఇంట్లో చోటు దొరకని ఆడవాళ్ళు, తండ్రి కట్టినలాంటి ఇల్లే ఇంకొకటి కట్టి, దానికీ అలాంటి తలుపే పెట్టడం మనకి కొత్తేమీ కాదు. కుల సంఘాల మహిళా విభాగాలు చూడండి.

అలాగని వెతకడమే తప్పని నేననడం లేదు. బానిస పట్టీల్లో 'ఆడ, 23, నలుపు' అన్న మూడు మాటల వెనక మనిషి పేరు పట్టుకోవడానికి జీవితాలు ధారపోస్తున్న నల్ల స్త్రీలు చేస్తున్నది, మేఫ్లవర్ సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడం ఒకటి కాదు. ఒకరిది దొంగిలించిన దాన్ని తిరిగి అడగడం. రెండోది దొంగసొత్తుకి రసీదు. పరికరం అదే కావచ్చు, పట్టుకున్న చెయ్యి వేరు. వీళ్ళిద్దరినీ ఒకే 'మూలాల అన్వేషణ' అనే పేరు కింద చేర్చి డిఎన్‌ఎ డబ్బాలు అమ్ముకున్న కంపెనీల్లో పెద్దదొకటి 2025లో దివాలా పిటిషన్ వేసింది. కోటీ యాభై లక్షల మంది వంశాల సమాచారం వేలానికొచ్చింది. అంతకంటే ఆ కంపెనీ గురించి చెప్పేదేమీ లేదు.

'ప్రముఖ స్త్రీలు' అన్న మాట మీద కూడా నాకు అనుమానమే. ఫిలిస్ వీట్లీని చూడండి. 1761లో ఏడెనిమిదేళ్ళ పిల్లని ఓడలో తెచ్చి బోస్టన్‌లో అమ్మారు. ఓడ పేరు ఫిలిస్, కొన్నవాళ్ళ ఇంటిపేరు వీట్లీ. పేరులో తనదన్నది ఒక్క అక్షరం లేదు. 1773లో ఆమె కవితల పుస్తకం లండన్‌లో అచ్చయింది. 1784లో పేదరికంలో చనిపోయింది, పిల్లలెవరూ మిగల్లేదు, సమాధి ఎక్కడో తెలియదు. వంశవృక్షం లెక్కలో ఆమె లేదు. కానీ ఆ తర్వాత అమెరికాలో రాసిన ప్రతి నల్ల కవయిత్రీ ఆమెను తల్లిగా చెప్పుకుంది. మన భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వేసినప్పుడు ఎవరి వారసులనీ అడిగి వేయలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాట స్త్రీల ఇళ్ళకి వెళ్ళి కూర్చున్నారు, వాళ్ళ నోటి మాట విని రాసుకున్నారు. గోత్రం అడగలేదు.

ఎలా దాచుకోవాలో చూడాలంటే మార్తా బలార్డ్ డైరీ ఉంది. మెయిన్ ప్రాంతంలో హాలోవెల్ అనే ఊళ్ళో మంత్రసాని. 1785 నుంచి 1812లో చనిపోయేదాకా రోజూ రాసింది. 816 పురుళ్ళు. మంచు కట్టిన నది దాటడం, నేసిన బట్ట, నాటిన కూర మొక్క, ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు బాకీ. ఊరి చరిత్రలు రాసిన పెద్దమనుషులు దాన్ని చూసి పెద్దగా పనికొచ్చేదేం లేదని పక్కన పెట్టారు. ఆ కట్ట మార్తా కూతురి దగ్గర, తర్వాత ఆ కూతురి కూతుళ్ళ దగ్గర ఉండి, 1884లో ఆమె మునిమనవరాలి కూతురు మేరీ హోబర్ట్ చేతికొచ్చింది. ఆమె ఆ ఏడాదే వైద్యంలో పట్టా పుచ్చుకుంది. ఇంటిపేర్లు ఎన్నిసార్లు మారాయో! మంత్రసాని కాగితాలు డాక్టరుకి చేరాయి. 1930లో హోబర్ట్ దాన్ని మెయిన్ రాష్ట్ర గ్రంథాలయానికి ఇచ్చేసింది. లారెల్ థాచర్ అల్రిచ్ అనే చరిత్రకారిణి ఎనిమిదేళ్ళు దాంతో కూర్చుని 1990లో పుస్తకం రాసింది, మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది. పెద్దమనుషులు పనికిరాదన్న వివరాల్లోంచే ఆ ఊరి ఆర్థికవ్యవస్థ, వైద్యం, పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలు, ఒక అత్యాచారం కేసు, అన్నీ బయటపడ్డాయి.

మా పుస్తకం రెండో ముద్రణ వేస్తారట. విరాళం అడుగుతూ మా పెదనాన్నగారబ్బాయి ఫారం పంపాడు. ఆడపడుచుల పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు, కోడళ్ళ పుట్టింటి పేర్లు కూడా వెయ్యమని రాశాను. "చెల్లాయ్, అలా మొదలుపెడితే పుస్తకం మూడింతలవుతుంది, పైగా అది మన వంశవృక్షం ఎలా అవుతుంది?" అని ఫోన్ చేశాడు. మంచివాడే, నా మీద ప్రేమ ఉన్నవాడే. మూడింతలు కానివ్వు అన్నయ్యా, కాగితం ఖర్చు నేను పెట్టుకుంటాను అన్నాను. పెద్దవాళ్ళతో మాట్లాడి చెబుతానన్నాడు. ఈలోగా మా మేనత్తలు బతికున్నవాళ్ళు ముగ్గురికి ఫోన్లు చేసి పేర్లు రాసుకుంటున్నాను. ఇప్పటికి 41 అయ్యాయి. పెద్దత్తయ్యకి చిన్నక్క అసలు పేరు మొదటి అక్షరం గుర్తొచ్చింది. 'వెం' అట. వెంకమ్మో, వెంకటసుబ్బమ్మో, వెంగమాంబో. వచ్చే వారం మళ్ళీ చెయ్యమంది.